పునాది ముక్కలు: యుద్ధకళల కార్డుల ఆట నేర్చుకున్న నా అనుభవం

నా మొదటి ఆటలో నాలుగు దాడులు వరుసగా వేశాను. ఎదుట కూర్చున్న వ్యక్తి వాటిలో రెండింటిని ఆపి, రెండు దెబ్బలు తిని, తన వంతు రాగానే మూడే మూడు దాడులతో నన్ను ముగించాడు. అప్పటికి నా చేతిలో ఒక్క ముక్క కూడా మిగలలేదు. సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని రమ్మీ ఆడే ఇంట్లో పెరిగినవాణ్ణి కనుక చేతిలోని పెద్ద ముక్కలను వీలైనంత త్వరగా వదిలించుకోవడమే నేర్పు అనే నమ్మకం నాలో బలంగా ఉండేది. ఆ నమ్మకాన్ని మార్చుకోవడానికి నాకు దాదాపు ఎనిమిది నెలలు పట్టింది.

ఆ ఆట పేరు యూనివర్సల్ ఫైటింగ్ సిస్టమ్. ఆడేవాళ్లందరూ యు.ఎఫ్.ఎస్. అని పిలిచేవారు. 2006లో సేబర్‌టూత్ గేమ్స్ అనే అమెరికా సంస్థ స్ట్రీట్ ఫైటర్, సోల్ క్యాలిబర్ వీడియో గేముల పాత్రలతో దీనిని మొదలుపెట్టింది. ఆ తరువాత కింగ్ ఆఫ్ ఫైటర్స్, టెక్కెన్ పాత్రలు కూడా వచ్చి చేరాయి. రెండు వేర్వేరు వీడియో గేముల యోధులను ఒకే బల్ల మీద ఎదురెదురుగా నిలబెట్టగలగడం దీని ప్రత్యేకత.

2014లో ఎం.ఎస్. చదువు కోసం నేను డాలస్ ప్రాంతానికి వెళ్లాను. మా అపార్ట్‌మెంటుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక కార్డుల దుకాణం ఉండేది. ఒక శనివారం సాయంత్రం దాని అద్దంలోంచి లోపలికి చూసినప్పుడు బల్ల మీద తెల్లని కరాటే దుస్తులూ ఎర్రని తలపట్టీ ధరించిన ర్యూ బొమ్మ కనిపించింది. గుంటూరులో నా చిన్నతనాన మా వీధి చివర ఉన్న వీడియో గేమ్ షాపులో, రూపాయి బిళ్ల వేసి, వెనుక నిలబడ్డ పిల్లల కేకల మధ్య నేను ఆడిన పాత్ర అదే. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో ఎంచుకోవడానికి ఎనిమిది మంది ఉండేవారు. మన దేశంవాడని ధాల్సిమ్‌ను ఎంచుకునేవాళ్లు మాలో కొందరు ఉన్నా, నేను మాత్రం ర్యూను వదలలేదు. ఆ పరిచయమే నన్ను దుకాణం లోపలికి తీసుకువెళ్లింది.

ఆట నేర్పమని అడగడానికి సంకోచిస్తూ నిలబడి ఉండగా, యాభై ఏళ్లు పైబడిన ఒకాయన తన పక్కనున్న కుర్చీ లాగి కూర్చోమన్నారు. ఆయన ఆ రోజు చెప్పిన మొదటి విషయం కార్డు మీది బొమ్మ గురించి గానీ, దెబ్బ ఎంత అనే అంకె గురించి గానీ కాదు. ప్రతి కార్డు అడుగున ఒక మూల ముద్రించి ఉండే చిన్న అంకెను వేలితో చూపించి, ముందుగా దానిని చదవడం నేర్చుకోమన్నారు. ఈ ఆట మొత్తం ఆ అంకె చుట్టూ తిరుగుతుందని ఇప్పుడు నాకు తెలుసు కనుక దానిని కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

యు.ఎఫ్.ఎస్.లో కార్డు వేయడానికి డబ్బు, శక్తి వంటి వనరులేవీ చెల్లించనక్కరలేదు. ప్రతి కార్డుకూ ఒక కష్టం అంకె ఉంటుంది. కార్డు వేయదలచినప్పుడు కట్ట పైనున్న ముక్కను తిప్పి చూడాలి. ఆ తిప్పిన ముక్క అడుగున ఉన్న కంట్రోల్ అంకె మనం వేస్తున్న కార్డు కష్టానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉంటే కార్డు నిలుస్తుంది. అదే వంతులో వేసే ప్రతి తరువాతి కార్డుకూ కష్టం ఒక్కొక్కటి చొప్పున పెరుగుతుంది. అంటే కష్టం 4 ఉన్న దాడిని ఆ వంతులో మూడవ కార్డుగా వేయాలంటే 6 కావాలి, నాలుగవదిగా వేయాలంటే 7 కావాలి. తిప్పిన ముక్క మీద అంత అంకె లేకపోతే, లోటుకు సరిపడా మన ముందు పరచి ఉన్న ఫౌండేషన్ కార్డులను పక్కకు తిప్పి, అంటే కమిట్ చేసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్కటి చొప్పున కలుపుకోవచ్చు. అలా కూడా చాలకపోతే ఆ కార్డు వృథా అవుతుంది, వంతు అక్కడితో ముగిసిపోతుంది.

ఫౌండేషన్ అనే మాటను నేను నా నోటుపుస్తకంలో మొదటి రోజునుంచీ ‘పునాది’ అని రాసుకున్నాను. అవి ఆ పాత్ర అభ్యాసాన్ని, గురువును, స్వభావాన్ని, గత జీవితాన్ని సూచించే కార్డులు. వాటితో ఎవరినీ కొట్టలేము. అవి బల్ల మీద వరుసగా పేరుకుంటూ, మన వంతు మొదలైన ప్రతిసారీ మళ్లీ సిద్ధమవుతూ, మనం వేసే దాడులకు వెన్నుదన్నుగా నిలుస్తాయి. చిన్నప్పుడు స్కూల్లో మాకు కరాటే నేర్పిన మాస్టారు మొదటి మూడు నెలలూ గుద్దు నేర్పకుండా, మోకాళ్లు వంచి గుర్రం మీద కూర్చున్నట్లు నిలబడే కీబా దాచి భంగిమలోనే నిలబెట్టేవారు. ఈ ఆటను రూపొందించినవారు ఆ క్రమాన్ని కార్డులలోకి తెచ్చారని నేను గట్టిగా నమ్ముతాను. పునాదులు తక్కువగా ఉన్నవాడికి రెండవ గుద్దుకే కాలు జారుతుంది.

అయితే ఇదంతా అర్థం చేసుకోకముందే నేను ఒక తప్పు చేశాను. మొదటి వారమే ఉత్సాహంతో పది బూస్టర్ ప్యాకెట్లు, అంటే లోపల ఏ ముక్కలున్నాయో ముందు తెలియని ప్యాకెట్లు, కొన్నాను. ఈ ఆటలో గాలి, నీరు, నిప్పు, భూమి, శూన్యం, మంచి, చెడు, క్రమం, అల్లకల్లోలం, జీవం, మృత్యువు, సర్వం అని ప్రధానంగా పన్నెండు గుర్తులు ఉన్నాయి. ఆటగాడు ఎంచుకునే ఒక్కో పాత్రకు సాధారణంగా మూడు గుర్తులు ఉంటాయి. మన కట్టలోని కార్డులన్నీ ఆ పాత్రకున్న ఒక గుర్తును పంచుకోవాలి. నేను కొన్న ప్యాకెట్లలోని ముక్కలు పన్నెండు దిక్కులకూ చెదిరి ఉండటంతో వాటిలో సగం కూడా నా ర్యూకు పనికిరాలేదు. చదువుకునే విద్యార్థికి ఆ డబ్బు చిన్నది కాదు. ఈ సంగతి విన్న ఆ పెద్దాయన మరుసటి శనివారం ఒక చెప్పుల పెట్టె నిండా మామూలు కార్డులు తెచ్చి నా ముందు పెట్టి, కావలసినవి ఏరుకోమని, మిగిలినవి తిరిగి ఇస్తే చాలని అన్నారు. నేను వెల అడిగినప్పుడు, తాను కొత్తగా చేరినప్పుడు తనకూ ఒకరు ఇలాగే ఇచ్చారని మాత్రం చెప్పారు. ఆ పెట్టెలోంచి నేను ఏరుకున్న నలభై పైచిలుకు ముక్కలు చాలాకాలం నా కట్టకు వెన్నెముకగా ఉన్నాయి.

కట్టలో కనీసం అరవై ముక్కలు ఉండాలి. నేను పేర్చుకున్న మొదటి కట్టలో 26 దాడులు, 10 చర్య కార్డులు (ఒక్కసారి పనిచేసి వెళ్లిపోయేవి), 24 పునాదులు ఉన్నాయి. నా దాడుల కంట్రోల్ 3, చర్య కార్డులది 4, పునాదులది 5. ఆ ప్రకారం లెక్కిస్తే సగటు 4 కంటే కొంచెం తక్కువ వచ్చింది. నాకు 5 కావలసి వచ్చినప్పుడు అరవైలో 24 ముక్కలు మాత్రమే దానిని ఇవ్వగలవు, అంటే నూటికి నలభై పాళ్లు. ఈ లెక్కను నాకు వేసి చూపించింది మా రూమ్‌మేటు. ఖమ్మం కుర్రాడు, గణాంకశాస్త్రం చదువుతున్నవాడు. ఆట ఆడేవాడు కాదు గానీ, నేను వంటింటి బల్ల మీద ముక్కలు పరచుకుని కూర్చున్నప్పుడల్లా వచ్చి చూసేవాడు. “అన్నా, నీ దగ్గర కొట్టే ముక్కలు ఎక్కువున్నాయి, కొట్టనిచ్చే ముక్కలు తక్కువున్నాయి” అని అతడు అన్న మాట నా నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉంది.

మూడు నెలల్లో ఆ కట్టను అయిదుసార్లు విప్పి మళ్లీ కట్టాను. చివరకు 16 దాడులు, 6 చర్య కార్డులు, 35 పునాదులు, ర్యూ పాత్ర కార్డు మరో 3 ప్రతులు అనే పేర్పు దగ్గర నిలిచాను. పాత్ర కార్డుల కంట్రోల్ 6 కనుక, వాటిని వేసే ఉద్దేశం లేకపోయినా, తిప్పినప్పుడు వస్తాయన్న ఆశతోనే పెట్టుకుంటారు. సగటు 4.4కు చేరింది. 5 కావలసినప్పుడు అరవైలో 38 ముక్కలు దానిని ఇవ్వగలిగాయి, అంటే నూటికి అరవై మూడు పాళ్లు. పది దాడులను తీసివేయడం నాకు సులభంగా జరగలేదు. వాటిలో ప్రతి ఒక్కటీ నాకు ఇష్టమైన దెబ్బే. అయితే 16 దాడులతో ఆడిన ఆటల్లో నేను నిజంగా బల్ల మీద నిలబెట్టగలిగిన దాడుల సంఖ్య 26 దాడులతో ఆడినప్పటికంటే ఎక్కువగా ఉంది. ఎందుకో రూమ్‌మేటు లెక్క అప్పటికే చెప్పింది.

ఇక ఆపడం, అంటే బ్లాక్. నా ఎనిమిది నెలల అభ్యాసంలో సగానికి పైగా దీనికే పోయింది, పోవలసినదే అని నా అభిప్రాయం. ప్రతి దాడికీ పైన, మధ్య, కింద అని మూడు ఎత్తులలో ఒకటి ఉంటుంది. దానితోపాటు వేగం, దెబ్బ అనే రెండు అంకెలు ఉంటాయి. చేతిలో ఉన్న ముక్కల్లో బ్లాక్ గుర్తు ఉన్న దేనినైనా ఆపడానికి వాడవచ్చు. ఎత్తు సరిగ్గా కలిస్తే దెబ్బ పూర్తిగా ఆగుతుంది, పక్క ఎత్తుతో ఆపితే సగం దెబ్బ తగులుతుంది, పై దాడిని కింది బ్లాక్‌తో గానీ కింది దాడిని పై బ్లాక్‌తో గానీ ఆపడం కుదరదు. ఆపడానికి కూడా ముక్క తిప్పాలి. అక్కడ దాడి వేగమే కష్టం అవుతుంది. దానికి బ్లాక్ ముక్క మీద రాసి ఉన్న అదనపు అంకెను కలపాలి. అదే వంతులో రెండవసారి ఆపితే ఇంకొకటి కలుస్తుంది. అందుచేత మన కట్టలోని ప్రతి ముక్కా నాలుగు పనులు చేస్తుంది. వేసినప్పుడు ఒక ఎత్తుగడ, పట్టుకుని ఉంచినప్పుడు ఒక కవచం, తిప్పినప్పుడు ఒక అంకె, పోగొట్టుకున్నప్పుడు ఒక నష్టం. నాకు తెలిసిన మరే కార్డుల ఆటలోనూ ఒకే ముక్క మీద ఇన్ని బరువులు పెట్టడం చూడలేదు.

మన వంతు మొదలైనప్పుడు మన పాత్రకు నిర్ణయించిన సంఖ్య వచ్చేవరకు ముక్కలు తీసుకుంటాము. ఎదుటివారి వంతులో ఆపడానికి వాడిన ముక్కలు కూడా అప్పుడు తిరిగి భర్తీ అవుతాయి కనుక, ఆపడానికి వాడిన ముక్కకు మనం చెల్లించే మూల్యం చాలా తక్కువ. దీనికి మరోవైపు కూడా ఉంది. ఎప్పుడో పనికివస్తుందని పట్టుకుని కూర్చున్న ముక్క కొత్త ముక్క రాకుండా చోటు ఆక్రమిస్తుంది. మూడు ముక్కలు దాచుకుని మూడు వేయాలా, రెండు దాచుకుని నాలుగు వేయాలా అనేది ప్రతి వంతులోనూ తేల్చుకోవలసిన ప్రశ్న. నేను మొదటి ఆటలో చేసినట్లు అన్నీ వేసివేయడం ఎదుటివారికి తలుపు తెరిచి ఇవ్వడమే.

ఆ దుకాణంలో ప్రతి శనివారం పది పన్నెండు మంది చేరేవారు. వాళ్లకు ఒక అలవాటు ఉండేది. ఆట ముగిసిన తరువాత ఓడినవారూ గెలిచినవారూ చేతిలోని ముక్కలను బల్ల మీద పరచి, చివరి మూడు వంతులను వెనక్కి నడిపి చూసేవారు. ఎక్కడ ఏ ముక్క దాచి ఉండవలసిందో ఒకరికొకరు చెప్పుకునేవారు. కొత్తవాళ్లతో ఆడేటప్పుడు కొందరు మొదటినుంచీ తమ ముక్కలు తెరిచి ఆడేవారు. దాడి వేసినవారు వేగం, ఎత్తు, దెబ్బ మూడింటినీ పైకి చెప్పి, ఎదుటివారు ఆలోచించుకునే వరకు ఆగడం అక్కడ మర్యాద. దాడి వేసిన తరువాత, దానిని ఆపేలోగా, ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు తమ పునాదుల శక్తులతో వేగాన్నీ దెబ్బనూ మార్చుకుంటూ పోవచ్చు కనుక, ఆ అంకెలను మారినప్పుడల్లా తిరిగి పలకకపోతే గొడవలు వస్తాయి. నేను ఇంగ్లీషులో తడబడిన రోజుల్లో కూడా ఎవ్వరూ తొందరపెట్టలేదు. ఆ బల్ల దగ్గరే నేను అమెరికాలో మొదటిసారి భయం లేకుండా మాట్లాడాను.

ఆ ఆట అప్పటికే ముగ్గురు ప్రచురణకర్తల చేతుల మీదుగా వచ్చింది. సేబర్‌టూత్ తరువాత ఫ్యాంటసీ ఫ్లైట్ గేమ్స్, ఆ తరువాత జాస్కో గేమ్స్ దీనిని నడిపాయి. కొత్త కార్డులు వస్తాయో రావో తెలియని మధ్యకాలంలో కూడా తాము పాత ముక్కలతోనే ప్రతి వారం కలుసుకుని ఆడామని పెద్దాయన ఒకసారి చెప్పారు. ఆయన బైండరులో 2006 నాటి కార్డులు అంచులు అరిగి, మెత్తబడి, పాత రేషన్ కార్డుల్లా ఉండేవి. వాటికి మంచి ధర వస్తుందని ఎవరో అంటే, ఆడుతున్న ముక్కలను అమ్మనని ఆయన అన్నారు.

ఎనిమిదవ నెలలో దుకాణంలో ఒక చిన్న టోర్నమెంటు జరిగింది. పద్నాలుగు మంది, నాలుగు రౌండ్లు, పాతవైనా కొత్తవైనా ఏ కార్డులైనా తెచ్చుకోవచ్చు. మొదటి మూడు రౌండ్లలో రెండు గెలిచి ఒకటి ఓడాను. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నాలుగవ రౌండు మాత్రం నాకు ప్రతి వంతూ గుర్తుంది.

ఎదుట ఉన్నది పట్లు పట్టి విసిరే మల్లయోధుడి కట్ట. విసురు దాడులను పూర్తిగా ఆపినా సగం దెబ్బ తగులుతుంది. అతని కట్టలో స్టన్ అనే గుణం ఉన్న దాడులు కూడా చాలా ఉన్నాయి. అవి వేస్తే, మనం ఆపినా సరే, మన పునాదులు కొన్ని కమిట్ అయిపోయి, తరువాతి దాడిని ఆపేటప్పుడు ఆదుకోవడానికి మిగలవు. అయిదవ వంతు వచ్చేసరికి నా ప్రాణం అంకె, అంటే సున్నాకు చేరితే ఆట ఓడిపోయే అంకె, 6కు పడింది. అతడు ఒక దాడి వేస్తే ఆపాను. కానీ దాని స్టన్ వల్ల, ఆపడానికి నేను వాడిన వాటి వల్ల కలిపి, తొమ్మిది పునాదుల్లో సిద్ధంగా మిగిలినవి రెండే. అప్పుడు పై ఎత్తున, వేగం 5, దెబ్బ 8 ఉన్న దాడి వచ్చింది. ఇది విసురు కాదు, మామూలు గుద్దు.

నా చేతిలో ఆపగల ముక్కలు రెండు. ఒకటి పై ఎత్తుది, అదనపు అంకె 3. రెండవది మధ్య ఎత్తుది, అదనపు అంకె 1. మొదటి మూడు నెలల్లో అయితే ఆలోచించకుండా ఎత్తు కలిసిన ముక్కనే వేసేవాణ్ణి. దానితో ఆపాలంటే వేగం 5కు 3 కలిపి, ఆ వంతులో రెండవసారి ఆపుతున్నందుకు ఇంకొకటి కలిపి, మొత్తం 9 కావాలి. నా కట్టలోని అతి పెద్ద అంకె 6, దానికి రెండు పునాదులు కలిపినా 8. అది జరిగే పని కాదు. మధ్య ఎత్తు ముక్కతో అయితే 7 కావాలి, తిప్పినది 5 అయితే రెండు పునాదులతో సరిపోతుంది. సగం దెబ్బ, అంటే 4, తగులుతుంది. ప్రాణం 2 మిగులుతుంది. పడేసిన ముక్కల దొంతర వైపు చూసి, ఎన్ని అయిదులు వెళ్లిపోయాయో మనసులో లెక్కపెట్టుకున్నాను. రమ్మీలో నేర్చుకున్న వాటిలో ఇక్కడ నాకు పనికివచ్చినది ఆ అలవాటు ఒక్కటే. ఇంకా సగానికి పైగా అయిదులే ఉన్నాయనిపించింది. మధ్య ముక్క వేసి, కట్ట పైది తిప్పాను. అయిదు వచ్చింది. రెండు పునాదులనూ పక్కకు తిప్పి 2 ప్రాణంతో నిలబడ్డాను.

ఆ ఆట నేను గెలవలేదు. నా వంతులో మూడు దాడులు నిలబెట్టాను. వాటిలో రెండింటిని అతడు ఆపాడు. తరువాతి వంతులో ఒక విసురును నేను సరైన ఎత్తుతో పూర్తిగా ఆపినా, దాని సగం దెబ్బకే నా ప్రాణం సున్నాకు చేరింది. ముక్కలు పరచి వెనక్కి నడిపినప్పుడు, అతడు అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది ఆ మధ్య ఎత్తు బ్లాక్ దగ్గరే. తాను ఆ గుద్దుతో ఆట ముగిసిందనుకున్నానని, తొందరపడి తన పునాదులన్నీ దాని వెనుకే పెట్టానని చెప్పి, ఆ తరువాత నా వంతులో అతనికి ఎంత తక్కువ మిగిలిందో చూపించాడు. నేను నాలుగవ దాడి కూడా నిలబెట్టగలిగి ఉంటే సరిపోయేది. వెనుక నిలబడి చూస్తున్న పెద్దాయన ఏమీ అనలేదు గానీ, ఆ పూట ఇంటికి వెళ్లేముందు అయిదు కంట్రోల్, సున్నా అదనపు అంకెతో కింది ఎత్తు బ్లాక్ ఉన్న రెండు పునాది కార్డులను తన బైండరులోంచి తీసి నా చేతికిచ్చారు.

2021లో ఈ ఆట మై హీరో అకాడమియా అనే జపాను కథ పాత్రలతో కొత్తగా వచ్చి, యూనివర్సస్ అనే పేరుతో చాలామంది కొత్తవాళ్లకు చేరింది. ముక్క తిప్పడం, పునాదులు పేర్చడం, మూడు ఎత్తులు మాత్రం మారలేదు. నేను కొత్త పాత్రలతోనూ ఆడుతున్నాను, కానీ ఆ పాత ర్యూ కట్టను విప్పలేదు.

గుంటూరులో ఉన్న మా తమ్ముడికి రెండేళ్ల కిందట దసరా సెలవుల్లో ఈ ఆట నేర్పి, ఒక కట్ట ఇచ్చి వచ్చాను. అతని కోసం కార్డు మీది మాటలన్నిటికీ ఒక కాగితం మీద పునాది, ఎత్తు, వేగం, దెబ్బ, ఆపు అని తెలుగులో రాసి ఇచ్చాను. ఇప్పుడు ఆదివారం ఉదయాల్లో, అంటే మాకు శనివారం రాత్రుల్లో, వీడియో కాల్‌లో ఫోనును బల్ల మీదికి వంచి పెట్టుకుని ఆడుతున్నాము. మొన్న మూడవ వంతులో అతని చేతిలో నాలుగు ముక్కలు ఉండగా రెండే వేసి, “నీ వంతు అన్నయ్యా” అన్నాడు. నా దగ్గర మూడు దాడులు ఉన్నాయి, సిద్ధంగా ఉన్న పునాదులు ఆరు. అతడు దాచిన ఆ రెండింటిలో పై ఎత్తుది ఉందో లేదో తేల్చుకోలేక చాలాసేపు ఆగి, చివరకు ఇంకో రెండు పునాదులు పరిచి నేనూ వంతు వదిలేశాను.